పంటి మీద నీటిచుక్క

కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు పొర్లిన యేడు అది. ఆ వానాకాలం ఊరంతా బడిలో తలదాచుకుంది. ఆ బడిలోనే ఒక తరగతి గదిలో, చాప మీద, జలంధర్ తల్లి, అతను అవ్వా అని పిలిచే మనిషి, పోయింది. జలంధర్ అప్పుడు దోహాలో నేలలు తుడుస్తున్నాడు. సెలవు అడిగాడు. కంపెనీ ఇవ్వలేదు. ఆ వరద తర్వాత వచ్చిన పెత్రమాస నాడు మొదలైన సంగతి ఇది.

ఆ పొద్దున సనాయాలో కూలీల క్యాంపు ముందర బస్సెక్కి కూర్చున్నాడో లేదో, ఊరి నుంచి భార్య గంగాబాయి ఫోను చేసింది.

"పెద్దలకు బియ్యం ఇచ్చినం. అయ్యగారు అందరి పేర్లు చదివిండు. మీ తాత, మీ నాయిన, ఇగ అవ్వ."

"నీళ్లెవలు ఇడిసిన్రు?"

"మీ చిన్నాయిన కొడుకు. కన్నకొడుకు ఉండంగ పాలోడు ఇడుసుడేందని అయ్యగారు అడిగిండు. దుబాయ్‌ల ఉన్నడు ఏం జేత్తమని చెప్పిన."

ఊరివాళ్లకు గల్ఫు దేశాలన్నీ దుబాయే.

"అవ్వ దినాలల్ల పిట్టకు ముద్ద పెట్టిననాడు గూడ గంతేనాయె. పొద్దు తిరిగేదాక కూసున్నం. ఎన్ని మాటలిచ్చినా పిట్ట ముట్టలే. నీ కోసమే సూసిందని అందరన్నరు. ఇంటున్నవా?"

"ఇంటున్న."

"ఏమన్న అనరాదు మరి."

"బస్సు కదిలింది," అన్నాడు జలంధర్.

అతను పనిచేసే చోటు ఒక పరిశోధన భవనం. ఎండ లోపలికి రాదు. మనుషులు మెల్లగా నడుస్తారు, మెల్లగా మాట్లాడతారు. పని పెద్ద కష్టం కాదు, పద్ధతి ఉండాలి. బ్లీచింగ్ నీళ్లలో గుడ్డ ముంచాలి, పిండాలి, గోడ వైపు నుంచి గుమ్మం వైపుకు తుడుచుకుంటూ రావాలి. వెనక్కి అడుగు వేయకూడదు. చివరి గదికి ఇంకా పట్టింపు ఎక్కువ. ఆ గదిలోకి పోవాలంటే తల నుంచి కాళ్ల దాకా తెల్లటి తొడుగు, మూతికి గుడ్డ, చేతికి ఒకదాని మీద ఒకటి గ్లౌజులు. వెంట్రుక రాలకూడదు, తుమ్మకూడదు. ఆ గదిలో పాత ఎముకలుంటాయి.

ఆ గదికి పెద్ద ఇల్జె మేడం. ఇల్జమ్మ అని పనివాళ్లంటారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టు, టీ తనే కాచుకుని నిలబడి తాగుతుంది. ఆమెది లాట్వియా అనే దేశం. అక్కడ సముద్రం చలికాలంలో ఒడ్డున గడ్డకడుతుందట. ఆమె కింద పనిచేసేవాడు కృపారావు. రాజోలు వైపువాడు, అల్ వక్రాలో భార్యతో, కూతురితో కాపురం. తెలుగు మాట వినపడితే చాలు, పలకరించకుండా ఉండలేడు.

"ఏం బాబాయ్, మొహం అలా పెట్టావేంటి? పిన్ని తిట్టిందా?"

"ఇయ్యాల పెత్రమాస సారూ."

"అంటే?"

"సచ్చిపోయినోళ్ల పండుగ."

కృపారావు నవ్వబోయి ఆగాడు. టీ గదిలో ఇల్జమ్మ కూడా ఉంది. ఆమెకు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆమె కప్పు దించి జలంధర్ వైపు చూసింది. తర్వాత బల్ల మీదున్న చక్కెర పొట్లాన్ని తీసి పక్కన పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. కృపారావు తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"ఈరోజే ఒక పాత పన్నున్న పెట్టె తెరుస్తున్నాం బాబాయ్. మేడం వాళ్ల ఊరి సరస్సు గట్టున పాత స్మశానం ఉందట. నాలుగు వేల ఏళ్ల పైమాటే. అందులో ఒక ఆడమనిషి. ఎముకలన్నీ మట్టిలో కరిగిపోయాయి, మిగిలింది ఒక్క పన్ను. ఆ పన్ను పొడిలో ఆమె ఎవరి సంతానమో రాసి ఉంటుంది."

"గిన్నేండ్లకు ఎందుకు సారూ?"

కృపారావు ఆ మాట ఆమెను అడిగాడు. ఇల్జమ్మ చక్కెర పొట్లాన్ని వేలితో తట్టి మాట్లాడింది, కృపారావు తెలుగు చేశాడు.

"ఇదిగో, వీళ్లు మొదటివాళ్లు. మంచు కరిగినాక వచ్చారు. వేట, చేపలు. చుట్టుపక్కల దేశాలవాళ్లంతా వ్యవసాయం పట్టినా వీళ్లు చాలాకాలం పట్టలేదు, చేపలతోనే ఉండిపోయారు." ఆమె ఒక టీ పొట్లం తెచ్చి చక్కెర పక్కన పెట్టింది. "తర్వాత తూర్పు గడ్డిబయళ్ల నుంచి పశువుల కాపరులు దిగారు. కలిసిపోయారు. ఇంకా తర్వాత ఈశాన్యం అడవుల నుంచి ఇంకొందరు." ఒక పుల్ల తెచ్చి ఆ రెండింటి మీద అడ్డంగా పెట్టింది. "అందరూ కలిస్తే మేడం. ఈ పన్నావిడ చేపలు తిన్న మనిషి, అది ముందే తేల్చారు. కానీ తల దగ్గర పెట్టిన కుండ మాత్రం పశువులవాళ్లది. ఆమె పుట్టిల్లేది, మెట్టినిల్లేది? అదీ సంగతి."

జలంధర్ పొట్లాల వైపు చూస్తున్నాడు.

"ఇంకోటుంది. ఆ కాపరుల సంతతిలో ఒక పాయ చాలా తరాల తర్వాత మన వైపుకు కూడా దిగిందట. అంటే మేడం నీకు మేనత్త వరసవుతుంది బాబాయ్. దండం పెట్టు."

"మేం కురుమోళ్లం సారూ. మాయి పశువులు గావు, గొర్లు."

కృపారావు అది చెప్పగానే ఇల్జమ్మ తల వెనక్కి వేసి నవ్వింది. ఆ భవనంలో అంత గట్టిగా ఎవరూ నవ్వరు. "గొర్రెలు కూడా ఉండేవట," అన్నాడు కృపారావు. ఆమె లేచి పొట్లాలు మళ్లీ వాటి డబ్బాల్లో వేసి పనికి పోయింది.

మధ్యాహ్నానికి కొంచెం ముందు జలంధర్ చివరి గది తుడవడానికి తొడుగు వేసుకుని లోపలికి పోయాడు. కృపారావు ఎదురొచ్చాడు. చేతిలో ఫోను. "మా రెజీనాకి జ్వరమట, బడి నుంచి చేశారు. రెండు నిమిషాలు," అని తొడుగు విప్పుకుంటూనే బయటికి పోయాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

జలంధర్ గోడ వైపు నుంచి తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల దగ్గరికి వచ్చేసరికి పళ్లెం కనపడింది. పళ్లెంలో పన్ను. పెట్టె పక్కన తెరిచే ఉంది.

గుడ్డ బకెట్లో వేసి నిలబడ్డాడు. దవడ పన్ను అది. తేనె రంగుకు తిరిగింది. పైన అరిగి, నున్నగా, నడుమ చిన్న గుంట పడి ఉంది. గొర్రె నోరు తెరిచి ఈడు చూసే అలవాటు అతనికి చిన్నప్పటిది. ఈ పన్ను కూడా వయసు మీదపడ్డ మనిషిదే. అవ్వ పండ్లు ఇట్లనే అరిగి ఉండేవి. జొన్న గటక కూడా నమలలేక చిటికెన వేలితో మెత్తగా చేసుకునేది.

ఇంతమంది చూస్తున్నారు, కోస్తామంటున్నారు, పొడి చేస్తామంటున్నారు. ఈమెకు ఈ నెలలో ఒక్కరన్నా నీళ్లిడిసిన్రా? ఈ మాట అతని లోపల తిరిగింది. బయటికి రాలేదు.

గ్లౌజు చేత్తో నీళ్లు ఇడవరాదు. తొడుగేసిన చేతి నీళ్లు పెద్దలకు ముట్టవు. జలంధర్ కుడిచేతి గ్లౌజులు రెండూ ఊడబెరికాడు. లోపల చెయ్యి చెమటకు నాని తెల్లగా ముడుతలు పడి ఉంది. పన్నును వట్టి వేళ్లతో తీసి కండ్లకద్దుకున్నాడు. మళ్లీ పళ్లెంలో పెట్టి, కుళాయి కింద ఆ చేతిలో నీళ్లు పట్టి తెచ్చి, బొటనవేలి పక్క నుంచి నీటిచుక్క జార్చాడు.

చుక్క పడగానే పన్ను తాగేసింది.

పైన తడి కూడా నిలవలేదు. జలంధర్ వంగి చూశాడు. ఇంకో చుక్క వదిలాడు. అదీ తాగేసింది. ఊళ్లో పొద్దు తిరిగేదాకా కూర్చున్నా ముట్టలేదు. ఇక్కడ, ఇంత దూరంలో, పేరు తెలియని ముసలామె అతని చేతి నీళ్లు ముట్టింది.

బయట అడుగుల చప్పుడు వినపడింది. గబగబా చేతికి దొరికిన ఒక గ్లౌజు తొడుక్కుని బకెట్ ఎత్తుకున్నాడు. గుమ్మం దాకా మిగిలిన నేల తుడవకుండానే బయటికొచ్చాడు. అట్ల ఎన్నడూ రాలేదు.

ఊళ్లో బతుకమ్మను సాగనంపారు. దసరా పోయింది. గంగాబాయి జమ్మి ఆకు ఫొటో పంపింది. ఆ తర్వాత ఒక రోజు పొద్దున ఇల్జమ్మ గది తలుపు మూసి ఉంది. లోపల పెద్ద మాటలు. భవనం పెద్దాయన గొంతు కూడా అందులో ఉంది. జలంధర్ వరండా తుడుస్తూ ఆ తలుపు ముందర రెండుసార్లు గుడ్డ తిప్పాడు. కృపారావు బయటికొచ్చి, పలకరించకుండా టీ గదిలోకి పోయి గోడకు తల ఆనించి కూర్చున్నాడు.

జలంధర్ టీ కాచి ముందర పెట్టాడు.

"ఏమైంది సారూ?"

"పన్ను పాడైంది బాబాయ్. మొదట మేడం ఎగిరి గంతేసింది. పన్నులో మన దేశపు వంశం కనిపించింది. ఆ సరస్సు గట్టుకు, మనకు చుట్టరికం దొరికిందనుకుంది. తర్వాత ఇంకోసారి చూస్తే పాతది కాదు, తాజాది. ఈ మధ్య ఎవరో ముట్టుకున్నారు. మగమనిషి. మనవైపు మనిషి."

"మీరే అనుకుంటున్నరా?"

"నాది కాదని తేలింది. లోపలికి పోయే మా అందరి ఉమ్మీ ముందే తీసి పెట్టుకుంటారు, పొరపాటున కలిస్తే పోల్చుకోవడానికి. ఎవరిదీ కలవలేదు. ఇంక నేనే ఎవరినో దోస్తును లోపలికి తెచ్చానంటున్నారు. ఎవరో చెప్పు, లేకపోతే ఇంటికి పో అన్నారు. రెజీనా బడి నడుమ ఉంది. మా ఆవిడ సుకుమారికి ఇంకా చెప్పలేదు."

"నా ఉమ్మి తియ్యలే గద సారూ."

"నిన్ను ఎవరు లెక్కలో వేశారు బాబాయ్? గది తుడిచేది గుడ్డ అనుకుంటారు. దాని వెనకాల మనిషి ఉన్నాడని తట్టదు."

జలంధర్ కప్పు పక్కన పడ్డ టీ చుక్కను వేలితో తుడిచాడు.

"సారూ, ఆ నాడు గది నేనే తుడిసిన."

"తెలుసు," అన్నాడు కృపారావు.

జలంధర్ తలెత్తాడు.

"వచ్చేసరికి పళ్లెంలో చెమ్మ ఉంది. బల్ల కింద నీ గ్లౌజు ఒకటి పడి ఉంది. నేనే తీసి చెత్తలో వేశాను. ఏం కాదులే అనుకుని, ఆరబెట్టి, పన్నుకు బెజ్జం వేశాను. అది నా తప్పు. పాత పన్ను సున్నంలా పీల్చేస్తుందని నాకు తెలియదా? తెలుసు."

"మరి నా పేరు ఎందుకు చెప్పలే?"

కృపారావు కప్పు పక్కకు జరిపాడు. "మీ అమ్మ పోయినప్పుడు నీ సెలవు కాగితం ఇంగ్లీషులో రాసింది నేనే కదా బాబాయ్. వాళ్లు చదివి పక్కన పడేసింది కూడా నా కళ్లముందే. ఆ చెమ్మ ఎవరి కోసమో నాకు తెలియదా? నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నోరు మెదపకు. నీకు ఎలాగూ మాట్లాడే అలవాటు లేదు."

జలంధర్ లేచాడు. బకెట్ గోడకు జరిపాడు. పోయి ఇల్జమ్మ తలుపు తట్టాడు.

ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జలంధర్ లోపలికొచ్చి నిలబడ్డాడు. వెనకాలే కృపారావు ఉరికొచ్చాడు.

"మేడంకు చెప్పు సారూ. పెత్రమాస నాడు నేనే పన్నుకు నీళ్లిడిసిన అని చెప్పు. మీ తప్పు లేదని చెప్పు."

"బాబాయ్, నిన్ను పంపించేస్తారు."

"చెప్పు."

కృపారావు ఇంగ్లీషులో మాట్లాడాడు. చాలాసేపే మాట్లాడాడు. ఇల్జమ్మ తల ఊపింది. జలంధర్ ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. ఆ మాటల్లో తన పేరు రాలేదు. నీళ్లు అనే మాట రాలేదు. ఆ మాత్రం ఇంగ్లీషు అతనికి తెలుసు.

అతను కృపారావు వైపు చూడలేదు. బల్ల మీద ఇల్జమ్మ తాగని కాగితం కప్పు ఉంది. అందులో నీళ్లు మొక్క కుండీలో పారబోశాడు. చేతి గ్లౌజు ఊడబెరికి కప్పు పక్కన పెట్టాడు. కప్పు మూతి దగ్గర పెట్టుకుని ఉమ్మాడు. నోరు ఎండిపోయి ఉంది, సరిగా రాలేదు. దవడలు కదిలించి, ఊట చేరేదాకా నిలబడి, మళ్లీ ఉమ్మాడు. రెండు చేతులతో ఆ కప్పు ఆమె ముందర పట్టాడు.

"మేడం. మై. నా ఉమ్మి."

ఇల్జమ్మ కప్పు వైపు చూసింది. గ్లౌజు వైపు చూసింది. ఆ వట్టి చేతి వైపు చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది. కుర్చీ వెనక పట్టుకుని మెల్లగా కూర్చుంది.

అప్పుడు ఒక్క మాట అడిగింది. కృపారావు దాన్ని తెలుగు చేశాడు.

"ఎందుకు అని అడుగుతోంది."

"ముసలామె దప్పికతోటి ఉన్నదనిపిచ్చింది. పోసిన. తాగింది."

ఈసారి కృపారావు ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. చిన్న మాటలే గనుక చెప్పడం త్వరగానే అయిపోయింది. ఇల్జమ్మ తల వంచుకుంది. తర్వాత మాట్లాడింది. కృపారావు మధ్యమధ్యలో ఆగుతూ చెప్పాడు.

"వాళ్ల దేశంలో కూడా ఈ రోజుల్లోనే పోయినవాళ్లకు బువ్వ పెట్టేవారట. వాళ్లమ్మమ్మ కొట్టంలో బల్ల మీద పెట్టి, దీపం పెట్టి, పేర్లు పిలిచేదట. మేడం చదువుకున్నాక నవ్వేదట. అమ్మమ్మ పోయినాక ఎవరూ పెట్టలేదట." ఆగాడు. "కానీ అలాంటి పన్ను ఇంకొకటి లేదు బాబాయ్. ఇరవై ఏళ్లు ఎదురుచూసిందట. నీది తీసేస్తే మిగిలేది ఆమెది. కొంచెమే మిగులుతుంది. ఆమె ఎవరో చెప్పడానికి చాలకపోవచ్చు అంటోంది."

జలంధర్ కప్పు బల్ల మీద పెట్టాడు. చేతులు జోడించాడు. ఇల్జమ్మ వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, ఆ చెయ్యి అట్లనే గాలిలో ఉంచి, దించేసింది. తర్వాత లేచి, అలమరలోంచి మూత ఉన్న చిన్న గాజు గొట్టం తెచ్చింది. ఆ కప్పును పక్కకు జరిపింది. గొట్టం మీద పేరు రాయడానికి పెన్ను తీసి అతని వైపు చూసింది.

"జలంధర్," అన్నాడు.

ఆమె రాసింది. ఆ భవనంలో అతని పేరు ఒక చోట రాయడం అదే మొదలు.

సాయంత్రానికి సూపర్‌వైజర్ మతీన్ వచ్చాడు. హైదరాబాద్ మనిషి. భవనం పనివాళ్ల కాంట్రాక్టు అతని కంపెనీది. వాన్‌లోంచి దిగకుండానే పిలిచాడు.

"క్యా జలంధర్ భాయ్, ఎముకలతోని ఏం ఆటలు? ఇది నీ ఇల్లు అనుకున్నవా? ఆ మేడం ఫోను మీద ఫోను. నిన్ను తియ్యొద్దు అంటది. పెద్దాయనకు మాత్రం నువ్వు వద్దు. మేమేం జెయ్యాలె? వీసా క్యాన్సిల్. ఎల్లుండి పొద్దుగాల ఫ్లైటు. టికెట్ కంపెనీదే."

"కృపారావు సారు?"

"ఆయన ఉంటడు. ఆయనకేం? నీ సంగతి సూస్కో."

జలంధర్ తల ఊపాడు. మతీన్‌కు అది అర్థం కాలేదు. ఏడుస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు అనుకున్నాడు.

"అరే, ఏమన్న మాట్లాడు భాయ్."

"వానాకాలం అడిగిన ఈ టికెట్టు," అన్నాడు జలంధర్. "అప్పుడు మాఫీ, లేదు పో అన్నరు."

మతీన్ స్టీరింగు మీద చెయ్యి ఆడించాడు. ఇంజిన్ ఆన్ చేశాడు. వాన్ తిప్పుకుని పోయాడు.

ఆఖరి రోజు కృపారావు క్యాంపుకు వచ్చాడు. సుకుమారి చేసిన పూతరేకులు ఒక డబ్బాలో తెచ్చాడు, గంగాబాయికి ఇమ్మని. మంచం అంచున కూర్చున్నాడు. జలంధర్ డబ్బా తీసుకుని బట్టల నడుమ పెట్టాడు. "పొల్లకు జరం తగ్గిందా?" అని అడిగాడు. "తగ్గింది బాబాయ్. ఎప్పుడో తగ్గింది," అన్నాడు కృపారావు. లేచేటప్పుడు జలంధర్ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు పొద్దున జలంధర్ అందరికంటే ముందు లేచాడు. గ్యాసు మీద గుప్పెడు బియ్యం వండాడు. పక్క మంచం జియావుద్దీన్ బంగ్లాదేశ్ మనిషి, ఎండు చేపలు డబ్బాలో దాచుకుంటాడు. అతన్ని లేపి ఒక చేప అడిగాడు. జియావుద్దీన్ కండ్లు తెరవకుండానే డబ్బా వైపు చెయ్యి చూపించాడు.

మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. పిట్టగోడ కడిగి రెండు ముద్దలు పెట్టాడు. ఒకటి అవ్వకు. రెండోదాని మీద చేప పెట్టాడు. ఆమె పేరు తెలియదు గనుక, సరస్సు గట్టు ముసలమ్మా అని పిలిచాడు. నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

నీళ్ల ట్యాంకు మీద నుంచి ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసింది. చేప ముద్దను ముక్కుతో పొడిచి, చేపను పట్టుకుని ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది, ఆ ముద్దలోనే మెతుకులు తిన్నది. అవ్వ ముద్ద జోలికి పోలేదు.

కింద వాన్ హారన్ మోగింది. "యల్లా! యల్లా!" డ్రైవరు కేక.

పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు మాట ఇయ్యాలి. ఊళ్లో అందరూ తలా ఒక మాట ఇచ్చారు. ఇయ్యవలసిన మనిషి ఇయ్యలేదు. జలంధర్ గోడ దగ్గరికి వచ్చాడు. చెంబులో మిగిలిన నీళ్లు వట్టి చేతిలో పోసుకుని, బొటనవేలి పక్క నుంచి ఆ ముద్ద మీద వదిలాడు.

"వత్తున్ననే అవ్వా," అన్నాడు. "పొద్దుగూకేవరకు ఇంట్ల ఉంట."

చెయ్యి అంగీకి తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగాడు.